చెవి ఊడిన పులి

ఢిల్లీలో పిల్లల్ని బెదిరించడానికి ఒక మాట ఉంది: ‘ఖాల్ మే భూసా భర్ దూంగా’. తోలు ఒలిచి పొట్టు కూరుతాను అని. మన తెలుగు తల్లులు తోలు తీస్తాననడంతో సరిపెట్టుకుంటారు, కూరేదాకా వెళ్ళరు. సరోజినీ నగర్ క్వార్టర్లలో మా పక్కింటి పంజాబీ ఆవిడ రోజుకు రెండుసార్లయినా కొడుకుని అలా తిట్టేది. అది ఉత్త తిట్టు కాదనీ, అచ్చంగా ఆ పనే చేసి పొట్టపోసుకునే మనుషులు ఆ ఊళ్ళోనే ఉన్నారనీ నాకు 1971 చలికాలంలో తెలిసింది. అప్పటికి నాకు పన్నెండేళ్ళు.

మా నాన్న సెక్రటేరియట్‌లో గుమస్తా. ఆయనకు వరసకు తమ్ముడయ్యే ఒకాయన ఇంజనీరు. హైదరాబాదు రాష్ట్రం రోజుల్లో ఆదిలాబాద్ వైపు పనిచేసి, తర్వాత బదిలీ మీద ఢిల్లీ వచ్చి నిజాముద్దీన్‌లో ఇల్లు కట్టుకున్నారు. మాకు బాబాయిగారు. వాళ్ళింటి ముందుగదిలో, గుమ్మానికి ఎదురుగా, గోడ మీద పులి తల ఉండేది. మెడదాకా. నోరు బార్లా తెరిచి, నాలుక వంపు తిరిగి, నాలుగు కోరలూ బయటపెట్టి. చెప్పులు విడిచి తలెత్తగానే అదే కనపడేది. కొత్తగా వచ్చిన పనిమనిషి ఎవరైనా సరే ఆ గదిలో మొదటివారం ఊడ్చేది కాదు.

పిన్నిగారికి అదంటే పడేది కాదు. చచ్చినదాన్ని ఇంట్లో వేలాడదీసుకుని, మళ్ళీ మడీ దడీ ఏమిటని ఆవిడ బాధ. ఆ గదిలో దీపం పెట్టేవారు కాదు. అలాగని దసరా రోజున ఊరుకునేవారూ కాదు. దుర్గమ్మ వాహనం కదా అని, స్టూలెక్కి దాని నుదుటన కుంకుమ బొట్టు పెట్టి, ఆ వెంటనే వెళ్ళి స్నానం చేసేవారు. ఆ బొట్టు ఏళ్ళ తరబడి పడీపడీ నుదుటి వెంట్రుకల్లో ఒక ఎర్రటి మరక మిగిలిపోయింది.

ఆ ఏడాది వానల్లో ఎలుకో, చెదపురుగో, మొత్తానికి ఏదో దాని ఎడమ చెవి మొదలు కొరికేసింది. చెవి ఊడి, నాలుగు పోగుల మీద వేలాడుతోంది. పిన్నిగారు ఇదే అదను అనుకున్నారు గానీ, బాబాయిగారు జామా మసీదు వెనక గల్లీల్లో బాగుచేసేవాడి జాడ కనుక్కున్నారు. మోయడానికి నన్ను పిలిచారు. ఆదివారం పొద్దున్నే దాన్ని గోడ మీంచి దించి, పాత దుప్పట్లో చుట్టి, బస్‌స్టాపుకు తీసుకెళ్ళాం.

కండక్టర్ మూట చూశాడు. దుప్పటి చాలక ముక్కూ మీసాలూ బయటికి వచ్చాయి. జంతువుల్ని ఎక్కించుకోనన్నాడు. ఇది చచ్చిపోయిందయ్యా అన్నారు బాబాయిగారు. శవాల్ని అసలే ఎక్కించుకోనన్నాడు. చేసేది లేక కన్నాట్ ప్లేసు దాకా స్కూటర్ రిక్షాలో వెళ్ళి, అక్కడ ఎర్రకోట వైపు పోయే ఫట్‌ఫటీ ఎక్కాం. ఆ రోజుల్లో పాత హార్లీ డేవిడ్‌సన్ మోటారు సైకిళ్ళకు వెనక తొట్టె కట్టి జనాన్ని తిప్పేవారు. ఆ చప్పుడు మూలంగానే ఆ పేరు. ఎదురుబొదురు బల్లల మీద మోకాళ్ళు తగులుతూ కూర్చోవాలి. నా ఒళ్ళో పులి. ఎదుట ఒక ముసలి సర్దార్జీ. దర్యాగంజ్ దాకా ఆయన నా మొహం చూడలేదు, దాని మొహమే చూశాడు. దిగేటప్పుడు మాత్రం, “పేరేమిటి దీనికి?” అని అడిగాడు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

“ఏరా, చెవి ఉందా?” అన్నారు బాబాయిగారు.

“ఊడొచ్చింది, నా జేబులో ఉంది బాబాయిగారూ.”

ఆ దుకాణం పెద్దది కాదు. మెట్లు దిగి వెళ్ళే నేలమాళిగ లాంటి గది. తలుపు దగ్గరే వాసన కొట్టింది. కర్పూరం, టర్పెంటైన్, వాటి అడుగున పచ్చితోలు. ఉస్తాద్ అరవై దాటినవాడు, గోరింట పెట్టిన గడ్డం. అల్మారా అరల్లో గుడ్లగూబ, ముంగిస, ఉడుము, రెండు తలల మేకపిల్ల. స్కూళ్ళకీ కాలేజీ ల్యాబులకీ అమ్మేవి అవే అన్నాడు. పులుల మీద వచ్చే డబ్బు పులిలాగే ఎప్పుడో కనబడుతుంది, ఇల్లు గడిచేది ముంగిస మీద అన్నాడు.

గోడకు ఒక చెక్క మీద పెద్ద చేప. మహసీర్. రంగంతా పోయి, అప్పడంలా గోధుమరంగుకు తిరిగింది. ఓఖ్లా దగ్గర యమునలో గాలానికి పడిందట, తెచ్చిన ఇంగ్లీషు దొర 1947లో సామాను సర్దుకునే హడావుడిలో దీన్ని తీసుకోవడం మరిచిపోయాడట. ఓఖ్లా అంటే మనకిప్పుడు మురుగునీటి నురుగు. ఆగ్రా కాలువ కోసం 1874 నాటికి అక్కడ ఆనకట్ట కట్టాక, దాని దిగువన గాలాలేయడం దొరలకు సెలవురోజు వినోదం. బాతుల కోసమైతే నజఫ్‌గఢ్ జీల్‌కు వెళ్ళేవారు. చేపను నిలబెట్టడం పులిని నిలబెట్టడం కంటే కష్టమని ఉస్తాద్ చెప్పాడు. బొచ్చు రంగు చచ్చినా చావదు. చేప రంగు నీళ్ళలోంచి తీసిన గంటలో పోతుంది. ఆ తర్వాత వేసే ప్రతి పొలుసు రంగూ గుర్తుపెట్టుకుని వేయాల్సిందే. బతికి ఉన్న మహసీర్‌ని ఎన్నడూ చూడనివాడు చేసిన చేప చేపల మార్కెట్లో శవంలా ఉంటుంది అన్నాడు.

పులిని బల్ల మీద పెట్టి, దువ్వెనతో మెడ వెంట్రుకలు విడదీసి, కుట్టు వెతికాడు. నేను చూడలేకపోయాను గానీ నా వేలు పట్టుకుని చూపించాడు, వెన్ను మీదుగా సన్నటి గీత. కుట్టిన దారం మధ్యలో ఒక్క వెంట్రుక కూడా ఇరుక్కోలేదు. అతను నాలుక చప్పరించాడు. తలను తిప్పి వెనక చెక్క మీద అంటించిన చీటీ చూసి, చదవడం రాకపోయినా, “మైసూర్” అన్నాడు.

నిజమే. ఆ పులి ఆదిలాబాద్‌లో చచ్చి, మైసూరులో మళ్ళీ తయారైంది. బాబాయిగారు 1955లో, అటవీశాఖ దగ్గర షికారు బ్లాకు పర్మిట్ తీసుకుని, దున్నదూడను ఎరగా కట్టి, మంచె మీద కూర్చుని కొట్టారు. పడిన చోటే తోలు ఒలిపించి, చెవుల్ని గ్లవ్ తిరగేసినట్టు లోపలిది బయటికి తిప్పి, పెదవులు చీల్చి, ఉప్పూ పటికా రుద్దించి, నీడలో ఆరబెట్టించారు. ఒక పూట ఆలస్యమైతే, ఆ పటిక ఒక మడతలో పట్టకపోతే, అక్కడ వెంట్రుకలు గుప్పెళ్ళుగా రాలిపోతాయి. ఆ తర్వాత గోనెలో చుట్టి రైలు పార్సిలులో మైసూరుకు, వాన్ ఇంగెన్ కంపెనీకి.

ఆ రోజుల్లో వేటాడే ఇళ్ళన్నిటికీ తెలిసిన పేరు అది. యూజీన్ వాన్ ఇంగెన్ 1900 ప్రాంతంలో పెట్టిన కార్ఖానా. ఆయన కొడుకులకు బోయర్ యుద్ధ వీరుల పేర్లు పెట్టుకున్నాడు: డి వెట్, బోథా, క్రూగర్, జూబర్ట్. ఒక దశలో నూటయాభై మంది దాకా పనిచేసేవారట. పులులూ చిరుతలూ కలిపి 43 వేలకు పైగా ఆ కార్ఖానా గుమ్మం దాటాయని లెక్క తేల్చారు. ఒక్క ఇంటి పేరు మీద అన్ని! ఇది చదివినప్పుడు నాకు లెక్క కంటే ఆ నేలమాళిగ వాసన ముందు గుర్తొచ్చింది. చేపల పిచ్చి కూడా వాళ్ళకే. 1946లో డి వెట్ వాన్ ఇంగెన్ కబిని నదిలో గాలానికి పట్టిన మహసీర్ 120 పౌన్లు తూగింది. చీటీ మీద వాళ్ళు తమని తాము కళాకారులని రాసుకున్నారు. కోపం రావలసిన మాటే గానీ, ఆ కుట్టు చూసినవాడిని, నాకు రాలేదు.

ఉస్తాద్ మెడ దగ్గర వేలితో కొట్టి చూపించాడు. డబ్‌మని బోలుగా మోగింది. లోపల పొట్టు లేదు, గడ్డి లేదు. కాగితపు గుజ్జుతో అచ్చులో పోసిన తల, దాని మీద పలచగా గీకిన తోలు. కొండపల్లి బొమ్మకు చింతగింజల బంకా రంపపు పొట్టూ మెత్తినట్టే, చెక్కిళ్ళ దగ్గర గుజ్జు మెత్తి కండ తెప్పిస్తారు. తోలు లోపలి వైపు పురుగు పట్టకుండా పాషాణం కలిపిన సబ్బు. అది పూసినవాళ్ళకు గోళ్ళ చుట్టూ పుళ్ళు. అతని వేళ్ళు చూశాను. రెండు గోళ్ళు లేవు.

ఒక రేకుపెట్టె తెరిచాడు. లోపల గాజులవాళ్ళ పెట్టెలో లాగా గడులు. గడిగడికీ కళ్ళు. ఇంతింతవి, చుక్కవి, నిలువు చీలికవి, నారింజవి, పచ్చవి. అన్నీ నా వైపే చూస్తున్నాయి. కళ్ళు సొంతంగా చేయలేం, విదేశాల నుంచి రావాలి, ఇప్పుడు రావడం లేదు అన్నాడు. అందుకే పాత కళ్ళు దాచుకుంటాడట. చెడిపోయిన బొమ్మను పారేసేముందు దాని కళ్ళు తీసుకుంటాడు.

మీసాలు లెక్కపెట్టి నవ్వాడు. ఇవి దాని సొంతవి కావు, ఏ పులికీ ఉండవు అన్నాడు. పులి పడగానే, వేటగాడు ఫొటోకు నిలబడి బూట్లు తుడుచుకునే లోపలే, అడవిలో వెంట వచ్చిన జనం మీసాలు పీకేస్తారు. పులిమీసం తరిగి అన్నంలో కలిపితే మనిషి పోతాడని నమ్మకం. కొవ్వు కీళ్ళనొప్పులకు. గోళ్ళు పిల్లలకు. ఈ చివరిది మనకు కొత్తకాదు. పులిగోరు పతకం లేకుండా పెరిగిన పాతకాలపు తెలుగు పిల్లవాడు ఎవడు? నా మెడలోనూ ఒకటి ఉండేది. మా అమ్మమ్మ చేయించింది.

ఇక నేను అడిగాను. బాబాయిగారు కొట్టినప్పుడు ఇది ఇలాగే అరుస్తోందా అని.

బాబాయిగారు ఏదో చెప్పబోయేలోగా ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు. అరిచే పులి వేటగాడికి కనపడదు, కనపడిన పులి అరవదు అన్నాడు. చచ్చినదాని మొహం నిద్రపోయే పిల్లి మొహంలా ఉంటుంది. కానీ ఆ మొహం ఎవరూ గోడకు పెట్టుకోరు. ఆర్డరు ఇచ్చేటప్పుడే అడుగుతాం, నోరు మూసి కావాలా తెరిచి కావాలా అని. పదిమందిలో తొమ్మిదిమంది తెరిచే కావాలంటారు. తెరిచినదానికి ధర ఎక్కువ. నాలుకా అంగుడూ చేసి రంగులేయాలి, కోరలు నిలబెట్టాలి, ముక్కు మీద ముడతలు తేవాలి. “సాబ్ భయపడలేదని నలుగురికీ తెలియాలంటే, ఇది భయపెట్టాలిగా” అన్నాడు.

చెవి కుట్టించుకుని తిరిగి వచ్చేటప్పుడు ఫట్‌ఫటీలో బాబాయిగారు చాలాసేపు మాట్లాడలేదు. ఢిల్లీ గేటు దాటాక, “అది నీళ్ళు తాగి వస్తోందిరా” అన్నారు. “గడ్డానికి నీళ్ళు కారుతున్నాయి. నోరు తెరవనే లేదు.”

పులి అనగానే మన కళ్ళకు కట్టేది ఆ తెరిచిన నోరే. పాఠ్యపుస్తకాల్లో, పులివేషాల్లో, అగ్గిపెట్టెల మీద అదే మొహం. అడవిలో దాన్ని అలా చూసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. తర్వాత రణథంబోర్‌లో నేను చూసిన ఒకే ఒక్క పులి ఆవులించింది, అంతే. మనకు తెలిసిన పులి మొహంలో సగం అడవి చేసినది కాదు, నేలమాళిగల్లో కాగితపు గుజ్జుతో, గిరాకీ కోరినట్టు చేసినది. బాబాయిగారింట్లో ఏళ్ళ తరబడి అబద్ధం ఆడింది ఆయన కాదు, ఆ మొహం. ఆయన మాత్రం దాన్ని ఖండించలేదు.

ఢిల్లీకి వేట కొత్తదేమీ కాదు. ఫిరోజ్‌షా తుగ్లక్ పద్నాలుగో శతాబ్దంలో కట్టించిన వేట విడుదులు ఇప్పటికీ రిడ్జ్ మీద ఉన్నాయి. మాల్చా మహల్ అందులో ఒకటి. మన తెలుగువాళ్ళూ తక్కువ తినలేదు. 1936లో భారత క్రికెట్ జట్టుకు కెప్టెనై ఇంగ్లండు వెళ్ళిన విజయనగరం మహారాజకుమార్, అదే విజ్జీ, మూడు వందలకు పైగా పులుల్ని కొట్టానని చెప్పుకునేవాడు. సర్గుజా మహారాజు లెక్క వెయ్యి దాటింది. స్వాతంత్ర్యం వచ్చాక ఇది తగ్గలేదు సరికదా, విదేశీ డాలర్ల కోసం షికారు కంపెనీలు అమెరికా వాళ్ళకు పులివేట యాత్రలు అమ్మాయి. 1961 జనవరిలో ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్ సవాయ్ మాధోపూర్ దగ్గర పులిని కొట్టాడు. అదే ఏడాది పుట్టిన ప్రపంచ వన్యప్రాణి నిధికి బ్రిటన్ శాఖ అధ్యక్షుడూ ఆయనే అయ్యాడు. రెండూ ఒకే మనిషి ఒకే సంవత్సరంలో చేయగలిగాడంటే, ఆ కాలానికి అందులో వైరుధ్యం కనపడలేదనే అర్థం.

ఒకరికి కనపడింది. 1956లో నెహ్రూ ఉంటున్న తీన్‌మూర్తి భవనానికి ఒక పెద్ద పులిచర్మం కానుకగా వచ్చింది, రీవా మహారాజు కొట్టినది. దాని పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా మనసు పాడవుతోందని ఇందిరాగాంధీ కొడుకు రాజీవ్‌కు ఉత్తరం రాసింది. ఆ తర్వాత ఢిల్లీ జూ డైరెక్టరు కైలాష్ సాంఖలా నగరంలో బొచ్చుకోట్ల దుకాణాలు తిరిగి ఎన్ని తోళ్ళు అమ్ముతున్నారో లెక్కరాశాడు. 1969 నవంబరులో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ మహాసభ ఢిల్లీలోనే జరిగింది. 1970లో పులివేట నిషేధం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, అదే ఏడాది లెక్కల్లో దేశం మొత్తానికి 1,827 పులులు. అంటే మేం చెవి కుట్టించుకున్న నాటికే పులివేట నేరమైపోయింది. మా మూటను చూసి ఎవరూ అడ్డుపెట్టలేదు, ఆ కండక్టర్ తప్ప.

చట్టం వచ్చాక ఈ పనికి లైసెన్సు కావాలి, రిజిస్టరు రాయాలి. 1976లో కాలేజీకి కావలసిన ఒక కప్ప అస్థిపంజరం కోసం నేను మళ్ళీ ఆ గల్లీకి వెళ్ళాను. అవే మెట్లు. ఉస్తాద్ సూట్‌కేసులకు పిడులు కుడుతున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు, పులి చెవి అనగానే పట్టాడు. రిజిస్టరు రాయడానికి అక్షరాలు కావాలి, నాకు సూదే వచ్చు అన్నాడు. అల్మారాలో ముంగిస లేదు. మహసీర్ మాత్రం ఉంది. కళ్ళ పెట్టె గురించి అడిగితే, ఒక బొమ్మల తయారీవాడికి తూకానికి అమ్మేశానన్నాడు. అప్పట్లో ఢిల్లీ పిల్లలు కొనుక్కున్న రెక్సిన్ ఎలుగుబంట్లలో ఏదో ఒకటి అచ్చం చిరుతలా చూసే ఉంటుంది.

1986లో వ్యాపారం మీద, 1991లో మిగిలిన వేట మీద చట్టం ఇంకా బిగిసింది. మైసూరు కార్ఖానా 1999లో మూతపడింది. అది జరగాల్సిందే, నాకు రెండో మాట లేదు. కాకపోతే వేట ఆగిందే గానీ చంపడం ఆగలేదు. ఉస్తాద్ లాంటివాళ్ళు తోలు ఉంచుకుని ఎముకలు పారేసేవాళ్ళు. 1993 ఆగస్టులో ఢిల్లీలో పట్టుబడిన సరుకులో 287 కిలోల పులి ఎముకలు ఉన్నాయి. చైనా మందుల కోసం. గోడమీద పెట్టుకునేవాడు ఒక తలతో తృప్తిపడేవాడు, ఎముకలు కొనేవాడికి తృప్తి అనేది లేదు.

మా పిల్లలకు కూరిన జంతువుల్ని చూపించాలనుకున్నప్పుడు మండీ హౌస్ దగ్గర ఫిక్కీ భవనంలో జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి తీసుకెళ్ళేవాణ్ణి. 1978లో పర్యావరణ దినోత్సవం నాడు తెరిచారు. మావాడు గాజు తలుపుకు ముక్కు ఆనించి, ఇవి ఎందుకు అరవడం లేదు అని అడిగాడు. మొట్టమొదటిసారి నాకు జవాబు తెలిసిన ప్రశ్న. 2016 ఏప్రిల్ 26 తెల్లవారుజామున ఆ మ్యూజియం తగలబడిపోయింది.

బాబాయిగారు 1996లో పోయారు. ఆయన పులికి యాజమాన్య ధ్రువపత్రం తీసి ఉంచారు కనుక ఇబ్బంది లేకపోయింది. 2011లో వాళ్ళబ్బాయి, అంటే మా తమ్ముడు, నిజాముద్దీన్ ఇల్లు అమ్మి నోయిడా ఫ్లాటుకు మారాడు. నోయిడా అంటే ఉత్తరప్రదేశ్. సోఫాకు అక్కర్లేని కాగితం పులికి కావాలి, రాష్ట్రం మారిన 30 రోజుల్లో అక్కడి ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి తెలియజేయాలి. వాడు తెలియజేశాడు. లారీవాడు పులి మూటకు వేరే కిరాయి అడిగాడట. తల పదిహేనో అంతస్తుకు లిఫ్టులో వెళ్ళింది. గోడకు పెట్టడానికి వాడి భార్య ఒప్పుకోలేదు. అటక మీద ఉంది.

వాడి కూతురు న్యూజెర్సీలో. నాన్న తర్వాత ఇది నా నెత్తిన పడుతుందా అని నన్నే అడిగింది. అమ్మడానికి వీల్లేదమ్మా, ఎవరికీ ఇవ్వడానికీ వీల్లేదు, వారసత్వంగా వస్తే 90 రోజుల్లో చెప్పుకోవాలి, వద్దనుకుంటే 2022 సవరణ ప్రకారం ఏడు పనిదినాల ముందు నోటీసు ఇచ్చి ప్రభుత్వానికి అప్పగించెయ్యొచ్చు అని చెప్పాను. మీ ఇళ్ళ అటకల మీదా, మీ అమ్మమ్మల నగల పెట్టెల్లోనూ కాగితం లేని గోరో తోలో ఉంటే మీకూ చెప్పేది ఒకటే. అమ్మకండి, కాల్చకండి, అటవీశాఖ వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. నా పులిగోరు నేను అలాగే వదిలించుకున్నాను.

మొన్న సంక్రాంతికి నోయిడా వెళ్ళినప్పుడు తమ్ముడూ నేనూ స్టూలేసుకుని దాన్ని కిందికి దించాం. నాలుక రంగు పెచ్చులూడింది. ఒక కోర కదులుతోంది. మీసాలు మూడే మిగిలాయి. నుదుటన పిన్నిగారి కుంకుమ మరక అలాగే ఉంది. ఎడమ చెవి పట్టుకుని లాగి చూశాను. ఊడలేదు.